ఖండనకు చిరునామా

పత్రిక మూతపడిన దనగానే తాళము వేసిన కార్యాలయమును, ఆగిపోయిన యంత్రమును, చివరి సంచికలోని వీడ్కోలు సంపాదకీయమును మనసునకు తోచును. అట్టి మరణములు తెలుగునాట తక్కువ కావు. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో మద్రాసున దినపత్రికయైన 'ఆంధ్రపత్రిక' 1991లో ఆగిపోయినది. 1984లో మహాసంరంభముతో వెలువడిన 'ఉదయం' 1995లో అస్తమించినది. 'ఆంధ్రజ్యోతి' 2000లో మూతపడి, అదృష్టవశమున 2002లో మరల తెరచుకొన్నది. 'ఆంధ్రభూమి' 2020 నాటి లాక్‌డౌనులో అచ్చు ఆపి మరల అచ్చునకు రాలేదు. ఇవి పెద్ద మరణములు. వీనికి తేదీలు కలవు, తలచుకొని నిట్టూర్చువారును కలరు. కాని కడపజిల్లా వేంపల్లె వంటి ఊరిలో గతించిన పత్రికకు శ్రాద్ధతిథియైనను లేదు. ఏలయన, ఆ ఊరివారు 'మన పేపరు' అని పిలుచుకొన్నది ఒక సంపూర్ణ పత్రిక కాదు; పెద్దపత్రిక కడుపులో మడచిపెట్టి తెచ్చు చిన్నపత్రిక, జిల్లా టాబ్లాయిడు. 1989లో 'ఈనాడు' ఆ పద్ధతిని ఆరంభింపగా తక్కిన దినపత్రికలు దాని వెంట నడచినవి. ముప్పదియేండ్లు గడచిన పిమ్మట, 2020లో కరోనా కాలమున ప్రకటనలు పడిపోయి, కాగితపు ఖర్చు మోయరానిదై, పత్రికలు ఆ చిన్నదానిని కుదించి పెద్దదానిలో కలిపివేసినవి. మండలమునకు ఇంత యని చోటు దొరకిన కాలము పోయి, జిల్లా యంతటికిని కొద్ది పుటలు మిగిలెను. ఎవ్వరును తాళము వేయలేదు గనుక ఎవ్వరును ఏడ్వలేదు.

ఈ విషయమై వేంపల్లెలో ఇద్దరు చేసిన వాదమును ఇచ్చట పొందుపరచుచున్నాను. ఒకరు తెలుగు పండితులుగా చిరకాలము పనిచేసి ఇప్పుడు పింఛను పుచ్చుకొనుచున్న మామ. రెండవవారు నాలుగురోడ్ల కూడలికి దాపున పెండ్లిపత్రికలును, కరపత్రములును, ఫ్లెక్సీలును అచ్చువేయు అల్లుడు, పూర్వాశ్రమమున ఒక దినపత్రికకు కంట్రిబ్యూటరు. వింత యేమనగా, పత్రికపక్షమున వకాల్తా పుచ్చుకొన్నవాడు దానికి ఏనాడును ఒక్క పంక్తి వ్రాసినవాడు కాడు. దానిని దూషించినవాడు దాని ఉప్పు తిన్నవాడు. వారు మాట్లాడినది అచ్చమైన కడప మాట. దానికి ఈ పాతకాలపు అంగరఖా తొడిగినది నేను. అందుకు వారిద్దరును నన్ను క్షమింతురు గాక.

అల్లుడు — మామా, తెల్లవారినది మొదలు ఆ పేపరును తిరగవేసి తిరగవేసి మన మండలపు వార్త యెక్కడనని వెదకుచున్నారు. మీరు వెదకునది నిన్న సాయంకాలమే ఫోటోతో సహా నా ఫోనులోనికి వచ్చినది. చూచినవారు చూచిరి, మరచినవారు మరచిరి. ఇక దేనికై ఈ విచారము?

మామ — వార్త నాకు తెలియలేదని నేనెప్పుడంటినిరా? కూడలిలో బస్సు దిగినవానికి వార్త తెలియును. హోటలులో ఉగ్గాణి తినుచు కూర్చున్నవానికి తెలియును. వేంపల్లెలో జరిగినదానిని వేంపల్లెవారికి తెలుపుటకు ఏనాడును పత్రిక అక్కరలేదు. శ్రావణ శనివారములలో గండి ఆంజనేయస్వామి సన్నిధికి జనమెంత వచ్చిరో, పోయి చూచివచ్చినవారే మరునాడు పేపరులో చదువుదురు. పోనివారు ఆ వార్తను దాటిపోవుదురు. తెలిసినదానిని మరల ఏల చదివిరో నీవెన్నడైన ఆలోచించితివా?

అల్లుడు — గుంపులో తమ ఫోటో పడినదేమోనని చదివిరి.

మామ — అదియు నిజమే. కాని ఫోటో పడనివారును చదివిరి. తాము చూచినది చూచినట్లు వ్రాసినారో లేదో సరిచూచుకొనుటకు చదివిరి. కండ్లతో చూచినది కాగితముమీదికి ఎక్కినప్పుడు అది నలుగురి యెదుట నిలువబడిన సాక్ష్యమగును. సాక్ష్యమును పరీక్షించు పని ఊరిది. ఆ పని ఇప్పుడు ఊరికి లేదు.

అల్లుడు — ఇట్టి మాటలు పేపరు గుమ్మములో పడగా చదివినవారికి చెల్లును. మీకు పేపరు తెల్లవారి కాగితము. నాకు అది రాత్రి తొమ్మిదింటికి డెస్కునుండి వచ్చు ఫోను. నేను వ్రాసిన పంక్తులను లెక్కకట్టి, నెల దాటిన తరువాత ఇచ్చిన సొమ్ము నా బండి పెట్రోలునకు చాలలేదు. దానిని మావాళ్ళు లైనేజి యందురు. జీతము లేదు, నియామకపత్రము లేదు. ఉన్నది మెడలోని కార్డు. ఆ కార్డును చూపి బ్రతుకుమని ఎవరును నోటితో చెప్పలేదు గాని, జీతమియ్యక కార్డు ఇచ్చుటకు మరి వేరు అర్థమేమి? వార్షికోత్సవ సంచిక వచ్చినదన్నచో మండలమునకు ఇంత యని ప్రకటనల టార్గెట్టు. ఏ కాంట్రాక్టరు వేసిన రోడ్డుపై నెల తిరుగకమునుపే కంకర తేలినదని ఉదయము నా వార్త అచ్చుపడినదో, ఆ కాంట్రాక్టరు వద్దకే సాయంకాలము శుభాకాంక్షల ప్రకటనకై పోవలసివచ్చెను. ఆయన నన్ను కుర్చీలో కూర్చుండబెట్టెను, టీ తెప్పించెను, నా వార్త పడిన పుటను నా కండ్లయెదుటనే నాలుగు మడతలు పెట్టి, టేబులు తడియకుండ దానిమీద నా టీ గ్లాసు పెట్టెను. ప్రకటన ఇచ్చెను. ఆ రోడ్డును గూర్చి నేను మరల వ్రాయలేదు. ఇదియా మామా, మీరు సాక్ష్యమనునది?

మామ — ఆ టీ గ్లాసు కథలో నీకు నీ సిగ్గు కనబడుచున్నది. నాకు కనబడునది వేరు. ఆ వార్త ఏ నాటిదో, ఏ పుటలోనిదో, వ్రాసినవాడెవడో ఆ కాంట్రాక్టరునకు తెలియును. ఆ కాగితమును చేతబట్టుకొని నిన్ను నిలదీయగల స్థితిలో అతడుండెను. కోపమున్నచో కోర్టుకు పోవచ్చును. తప్పు వ్రాసితివన్నచో మీ సంపాదకునకు ఖండన పంపవచ్చును. కాదేని టీ ఇచ్చి నోరు కట్టవచ్చును. మూడవది చేసెను; అది మీ యిద్దరి పాపము. కాని మొదటి రెండు త్రోవలును తెరచియే యుండినవి. పేపరు చివరిపుట అడుగున, చీమతలలంత అక్షరములతో, ముద్రించినవారు ఫలానా, ప్రచురించినవారు ఫలానా, సంపాదకుడు ఫలానా, అచ్చయిన చోటు ఫలానా అని ఒక పంక్తి యుండును గదా. తరగతిలో పిల్లలచేత పేపరు చదివించునప్పుడు నేను ఆ పంక్తితోనే మొదలుపెట్టించెడివాడను, పిల్లలు నవ్వెడివారు. ఆ పంక్తికి మూలము 1867లో దొరలు చేసిన చట్టము. వారు దానిని మన మేలుకోరి చేయలేదు. ఎవనిని పట్టుకొనవలెనో తమకు తెలియుటకై చేసిరి, పట్టుకొనిరి కూడ. అయినను, పాలకునకు పనికివచ్చిన ఆ పంక్తియే కాలక్రమమున సామాన్యునకును అక్కరకు వచ్చినది: తన్ను గూర్చి తప్పు వ్రాసినవాని ఇల్లు ఎక్కడనో వానికి తెలిసినది.

అల్లుడు — ఖండన మాట మీరే యెత్తితిరి గనుక చెప్పుచున్నాను. వార్త నాలుగు కాలములు, ఖండన నాలుగు పంక్తులు. వార్త పుట నెత్తిమీద, ఖండన ప్రకటనల క్రింద, ఎవరికిని కనబడకూడదని పెట్టినట్లు. అట్లు పెట్టించినవారిలో నేనును ఒకడను.

మామ — పెట్టించితివి. అయినను పెట్టక తప్పినదా? ఆ నాలుగు పంక్తులును నిన్న వార్త పడిన గుమ్మములోనే నేడు పడినవి. నా మాటకు ప్రాణమంతయు అక్కడనే యున్నది, అల్లుడా. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు దిగినవని, పార్థీ గ్యాంగు వచ్చినదని ఫోనులలో పుకారు పుట్టి, రెండు తెలుగు రాష్ట్రముల పల్లెలలోను రాత్రులు కర్రలు పట్టుకొని కాపలా కాచిరి. ముక్కు మొగము తెలియని బాటసారులను, బిచ్చగాండ్రను, మతి చలించినవారిని పట్టుకొని కొట్టిరి. ఆ మాట మొదట వ్రాసినవాడెవడు? ఏ ఊరివాడు? ఏ వీధిలో ఉన్నాడు? దానిని ఖండింపదలచినవాడు ఎవ్వని గుమ్మము తట్టవలెను?

అల్లుడు — పోలీసువారు ఖండించిరి గదా. ఊరూర సభలు పెట్టి చెప్పిరి. వీడియోలు తీసి అదే ఫోనులో పంపిరి. ఆ సంవత్సరమే వాట్సాపువారు ఒక సందేశమును ఒకసారికి అయిదు చోట్లకు మించి పంపరాదని మన దేశమున కట్టడి చేసిరి.

మామ — ఖండన పుట్టినది, కాదనను. కాని పుకారు చేరినవారు వేరు, ఖండన చేరినవారు వేరు. ఎవని ఫోనులో పుకారు పడినదో వాని ఫోనులోనే ఖండన పడునన్న నియమమేదియు లేదు. ఒక గుంపులో పుట్టినది పది గుంపులకు పోయి, ఖండన వచ్చుసరికి ఆ గుంపులవారు వేరొక విషయము మాటాడుచుందురు. పేపరు అబద్ధమాడదని నేననను. అబద్ధమాడినచోటనే దానిచేత నిజము చెప్పించుటకు ఒక త్రోవ యుండెను. అంతే నే ననునది.

అల్లుడు — 2008లో 'సాక్షి' వచ్చిన తరువాత మన జిల్లాలో గుమ్మములో పడిన పేపరు చూచి ఆ ఇంటివాని ఓటు చెప్పవచ్చును. ఒకదానిలో దేవుడైనవాడు రెండవదానిలో దయ్యము. ఏ పేపరు ఖండన ఆ పేపరు చదువువానికే గదా?

మామ — అందుచేతనే గ్రంథాలయములో వరుసగా అన్నింటిని బల్లమీద పరచెడివారు. నేను ముందు ఒకటి చదివి, తరువాత దానికి గిట్టనిది చదివెడివాడను. రెండింటిలోను మారకుండ మిగిలినది నిజమని పెట్టుకొనెడివాడను. చాలామంది వృద్ధులు అట్లే చదివెడివారు. పక్షపాతమున్న రెండు పత్రికలు ఒకే బల్లమీద నుండుట ఒక విధమైన న్యాయస్థానమే. ఫోనులో బల్ల యేది? నీకు నచ్చినదే నీకు వచ్చును.

(ఇచ్చట నాదొక మాట. మామగారు గ్రంథాలయపు బల్లను గూర్చి చెప్పినది సత్యమే గాని, ఆ బల్లచుట్టు కూర్చున్నవారు పురుషులు మాత్రమే. ఆడవారికి పేపరు మధ్యాహ్నము అంట్లు తోమిన పిమ్మట, మగవారు చదివి నలిపినది, చేతికి వచ్చెడిది. న్యాయస్థానమున సగము ఊరికి ఆసనము లేకుండెనని వ్రాసియుంచుట మంచిది.)

అల్లుడు — ఆ బల్లను వదలుడు. మీరు దేనికై దుఃఖించుచున్నారో అది మనచుట్టు కట్టిన గోడ. జిల్లాకొక పత్రిక వచ్చిననాటినుండి మన వార్త మన జిల్లా దాటలేదు. తుమ్మలపల్లె యురేనియము కర్మాగారమునకు 2007లో శంకుస్థాపన జరిగినది. వ్యర్థములు నిలువచేయు చెరువునకు దాపున కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు తమ బోర్ల నీరు చెడినదని, అరటితోటలు మాడిపోవుచున్నవని ఎన్నియేండ్లు మొరపెట్టుకొనిరి! ఆ మొర కడప టాబ్లాయిడులో ఎన్నిమారులు అచ్చుపడలేదు! కాని వేంపల్లెలో బస్సెక్కి కదిరిలో దిగినవాడు అదే పేపరు కొన్నచో అందులో అనంతపురపు వార్తలుండెడివి, మనవి యుండెడివి కావు. రాజధానిలో కూర్చున్నవారికి మన బోరునీరు కనబడనే కనబడదు. అటు తెలంగాణపు నల్లమలలో యురేనియమునకై త్రవ్వి చూతురన్న మాట పుట్టగానే, 2019లో, సినిమావారు సైతము గొంతెత్తిరి, ఆ సెప్టెంబరులోనే శాసనసభ వలదని తీర్మానించినది. ఆ ఉద్యమము నడచినది ఫోనులలో, మామా, జిల్లాపుటలలో కాదు.

మామ — గోడమాట నిజము. మన కరవు మనమే చదువుకొంటిమి. మన చీనీతోటలు ఎండిన వార్త, ఎండిన తోటల యజమానులకే అందినది. దీనిని నేను తప్పించుకొనజాలను. కాని ఒకటి అడిగెదను. ఇప్పుడు ఆ గోడ పోయినది గదా, నల్లమలకు వినబడినట్లు కె.కె.కొట్టాల రైతు మాట రాజధానికి వినబడుచున్నదా? నల్లమలలో పులులున్నవి, అడవి యున్నది, ఫోటో తీసిన అందముగా నుండును. ఇచ్చట నున్నది తెల్లగా పొరగట్టిన నేలయు, ఆకులంచులు కాలిన అరటియు. ఫోనున ఇది ఎవరు పంచుకొందురు? గోడలోపలనైనను పూర్వము వినబడిన గొంతు ఇప్పుడు లోపలను వినబడదు, వెలుపలను వినబడదు.

అల్లుడు — ఆ గోడలోపల వినబడినది మాత్రమేమి? బాంబులు, వేటకొడవళ్ళు. మన జిల్లా ప్రధానపుటకు ఎక్కవలెనన్నచో శవము కావలెను. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చిన పిమ్మట సినిమావారు పట్టుకొన్నది దానినే గదా? హైదరాబాదున హాస్టలులో చేరినప్పుడు నా ఊరు చెప్పగానే తోటిపిల్లలు మంచము దూరముగా జరుపుకొనిరి. ఆ కీర్తి మనకు తెచ్చినది సినిమా కాదు. దానికి ముందు పేపరు.

మామ — తెచ్చినది ప్రధానపుట. ఇది మరువకుము. ప్రధానపుటలో మనము శవములము. జిల్లాపుటలో మాత్రము మనుష్యులము. పదవ తరగతిలో మండలమునకు మొదటిగా వచ్చిన బీడీకార్మికురాలి కూతురు, కబడ్డీలో గెలిచిన వీరన్నగట్టుపల్లె పిల్లలు అనుకొందము, రక్తదానమిచ్చినవారు, పదవీవిరమణ చేసిన పోస్టుమాను, పాపాఘ్నిలో ఇసుక తోడుటను అడ్డగించిన రైతులు, రేపు ఏ ఫీడరుపై కరెంటు నిలిపివేయుదురో ఆ జాబితా, పులివెందుల మార్కెట్టులో చీనీ టన్ను పలికిన ధర. ఇవన్నియు ఎక్కడ అచ్చుపడినవి? ఇప్పుడు చిన్నదానిని పెద్దదానిలో కలిపి కుదించినప్పుడు మొదట ఏది పోయినది? కబడ్డీ పోయినది, పోస్టుమాను పోయెను. శవమునకు మాత్రము నేటికిని చోటున్నది. నీవు దేనిని నిందించితివో అదియే మిగిలినది, అల్లుడా; దానికి విరుగుడుగా నున్నది పోయినది.

(అల్లుడు కొంతసేపు ఊరకుండెను. ఆ సందున బయట ఆగిన ఆటోలో ఒకరు కొత్త ఇంటి గృహప్రవేశపు ఫ్లెక్సీ పట్టుకొనిపోవుటకు వచ్చిరి. దానిలో వరుసగా ఇరువది ముఖములున్నవి. మామ ఆ ముఖములను శ్రద్ధగా చూచి, జిల్లాపుట యిప్పుడు గుడ్డమీదికి దిగినదని గొణిగెను. అల్లుడు గిరాకీ పోవువరకు నవ్వు ఆపుకొనెను.)

అల్లుడు — ఫ్లెక్సీని పరిహసింపకుడు. ఆ టాబ్లాయిడు నాకు పెట్టని అన్నము అది పెట్టుచున్నది. మన ఊరికి పత్రిక లేకున్నంతమాత్రమున అక్షరము చచ్చునా? 2011లో వేంపల్లి గంగాధర్ 'మొలకల పున్నమి'కి, మరుసటియేడే వేంపల్లె షరీఫ్ 'జుమ్మా'కు సాహిత్య అకాడెమీ యువపురస్కారములు వచ్చినవి. వరుసగా రెండేండ్లు ఒక్క ఊరిపేరే!

మామ — సంతోషమే. ఆ ఇద్దరి పుస్తకములును నా యింట నున్నవి. కాని తెలుగు కథకునకు తొలిమెట్టు ఆదివారపు పుట కాదా? మెట్టు తీసివేసి, ఎక్కినవారు ఎక్కినారు గదా యనుట ఏమి న్యాయము? ఇంకొకటి వినుము. అమెరికాలో 2007 డిసెంబరు 31న 'సిన్సినాటి పోస్ట్' అను పత్రిక మూతపడినది. దానిని చదువుచుండిన ఉత్తర కెంటకీ ఊళ్ళలో తరువాతి స్థానిక ఎన్నికలను ఇద్దరు పండితులు పరిశీలించి, పోటీచేయువారు తగ్గిరనియు, ఓటువేయువారు తగ్గిరనియు, పదవిలో నున్నవారే మరల గెలుచుట పెరిగినదనియు వ్రాసిరి.

అల్లుడు — మామా, మనవైపు అన్ని పేపర్లును రెపరెపలాడుచు వచ్చిన కాలముననే ఏకగ్రీవములు జరిగినవి. పోటీచేయువారు తగ్గుటకు మనకు పేపరు మూతపడనక్కరలేదు.

మామ — ఈ దెబ్బకు మందు లేదు. కెంటకీని వెనుకకు తీసికొంటిని.

అల్లుడు — నెల్లూరుజిల్లా దూబగుంటను కూడ తీసికొందురా? 1992లో ఆడవారు సారా అంగడి మూయించిన వార్త జిల్లాపుటలో మొదలై రాష్ట్రమంతట ఉద్యమమైనదని మీరు తరచు చెప్పుదురు. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో ఎత్తివేసిరి. చివరకు పేపరు సాధించినదేమి?

మామ — దూబగుంటను వెనుకకు ఇయ్యను. నిషేధము నిలిపినదా లేదా అన్నది ప్రభుత్వపు లెక్క. ఒక పల్లెలో ఆడవారు చేసినపని ఇంకొక పల్లెలో ఆడవారు చదువగలిగిరి. చదువురానివారికి రాత్రిబడిలో చదివి వినిపించిరి. గోడలు కట్టినదని నీవన్న జిల్లాపుటయే ఆనాడు గోడ దూకినది. ఎల్లప్పుడును దూకలేదు, ఒక్కమారు దూకినది. అంతవరకు ఒప్పుకొందును.

సరే, ఫలితములను వదలుము; కట్టల మాట చెప్పెదను. అనంతపురమున 1926లో పప్పూరి రామాచార్యులవారు 'శ్రీ సాధన' అను వారపత్రికను నెలకొల్పిరి. ఆ పత్రిక కాలక్రమమున ఆగినది, తలచువారు తగ్గిరి. సీమలో ఆధునిక కథ 1941లో జి. రామకృష్ణగారి 'చిరంజీవి'తో మొదలైనదని, అంతకుముందు ఇచ్చట కథయే లేదని విమర్శకులు చాలకాలము వ్రాయుచు వచ్చిరి. అప్పిరెడ్డి హరినాథరెడ్డిగారు ఆ పాత సంచికలను ఓపికతో తిరగవేయగా, అంతకు ఎంతో ముందటి కథలు అందులో బయటపడినవి. ఆ పత్రికపై వారి గ్రంథమునకే 2014లో యువపురస్కారము వచ్చినది. ఒక సీమకు కథ లేదన్న అపవాదమునకు ఖండన, అది పుట్టకమునుపే అచ్చయి, దుమ్ముకొట్టుకొని, ఎనుబదియేండ్లకు పైగా కట్టలో కూర్చున్నది. ఫోనులోని గుంపు ఎనుబదియేండ్లు కూర్చుండునా?

అల్లుడు — కట్ట దాచినవారు దాచిరి. మన టాబ్లాయిడు కట్టలను దాచినదెవరు? నేను వ్రాసినవన్నియు కిలోల లెక్కన పోయినవి. ఒకనాడు మిరపకాయ బజ్జీల పొట్లము విప్పితిని, నా వార్తయే. శీర్షిక యున్నది, ఊరిపేరున్నది. తక్కినది నూనెలో నాని వెనుకపుటతో కలిసిపోయినది. అది ఏ రోడ్డును గూర్చినదో ఎంత ఆలోచించినను జ్ఞప్తికి రాలేదు. పైడిపాళెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డిగారు 1968లో కడపనుండి 'సంవేదన' వెలువరించిరి. అంతటి విమర్శకుడు నడపిన పత్రికయు కొద్ది సంచికలకే ఆగినది. ఆయన వల్లకానిది మన వల్ల నగునా?

మామ — ఆగినది. అయినను ఆ కొద్ది సంచికలను జాగ్రత్తపెట్టినవారు నేటికిని దానిని నిధివలె చూపుదురు. ఎంతకాలము నడచినదని లెక్కించునది బస్సును గాని పత్రికను కాదు.

అల్లుడు — మాటలలో మిమ్ము గెలువలేను. ఇంతకును మీకు కావలసినదేమి?

మామ — నెలకొక కాగితము. ఒక్కటే, రెండు ప్రక్కల అచ్చు. మండలపు బోర్ల నీటిపరీక్ష చేసిరా, చేసినచో ఏమి తేలినది, సచివాలయమున ఏ పని ఏ తేదీనుండి నిలిచియున్నది, చీనీ ధర, కబడ్డీ. రెండవప్రక్క పైభాగమున, క్రిందను కాదు, ఖండనలు.

అల్లుడు — కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనము అమ్మి 'ఆంధ్రపత్రిక' నడపిరి. మీరు ఏమి అమ్మెదరు?

మామ — అమ్ముటకు ఏమియు లేదు, పింఛను కలదు. కాగితము నాది, అచ్చు నీది. టీ గ్లాసు పెట్టువాని ప్రకటన మాత్రము వద్దు.

అల్లుడు — అట్లైనచో ప్రకటనలే లేవు. పోనిండు. మీ 1867 చట్టము ఇప్పుడు లేదు, మామా. దాని స్థానమున కొత్తది వచ్చి 2024 మార్చి 1 నుండి అమలగుచున్నది. పత్రిక రిజిస్ట్రేషను దరఖాస్తు ఆన్‌లైనులోనే పంపవలెను. మీరు ఇంతసేపు నిందించిన ఈ ఫోనునుండియే పంపవలెను.

మామ — పంపు. ఫోను చేయదగిన పనులలో అది యొకటి.

అల్లుడు — చివర అడుగున సంపాదకుడని ఎవరి పేరు వేయవలెను? నాది వద్దు, రెండు పార్టీలవారును నాకు ఫ్లెక్సీల గిరాకీలు.

మామ — నా పేరు వేయుము. ఇంటి నంబరును, వీధియు కూడ వేయుము. ఖండనలు రావలెను గదా.

అల్లుడు — విలాసము వేయుదును. ఫోను నంబరు మాత్రము వేయను; అర్ధరాత్రి మ్రోగినచో లేచి తిట్టునది మీరు కాదు, అత్త.